అష్టసిద్ధులలో నుత్తమమైన దేది? శ్రీపర్వతపరిసర సంప్రదాయ విమర్శము

మనుష్యునకు మానుషాతీతమైన శక్తి యొక్కటి మాత్రము లభించునేని యేది కోరఁదగినది? ఈ ప్రశ్నము పిల్లల వినోదమువలెఁ గానవచ్చును. పాఠశాలలో నణిమాదుల పేళ్లు వల్లింపఁజేసిన నాఁ డెవఁడో యొక విద్యార్థి దీని నడుగక మానఁడు. ఒకఁడు గగనగమనమును, వేఱొకఁడు పరకాయప్రవేశమును, మఱియొకఁడు స్వర్ణకరణమును గోరును. ఉపాధ్యాయుఁడు నవ్వి యూరకుండుట పరిపాటి. కాని యొక కాలమున మన దేశమున నిది వినోదము గాదు, శాస్త్రము. అందును జడ్చర్ల మొదలుకొని కృష్ణాతీరమువఱకుఁ గల యీ మెట్టసీమలో నిది యూరి ముంగిటి విషయము. శ్రీశైలమునకు నాలుగు ద్వారములు చెప్పుదురు. అందు నుత్తరద్వారమైన యుమామహేశ్వరమును, పశ్చిమద్వారమైన యలంపురమును 2016 వఱకు మహబూబునగరము జిల్లాలోనివే. నేఁ డవి క్రమముగా నాగరుకర్నూలు, జోగులాంబ గద్వాల జిల్లాలకుఁ జెందినవి. అలంపురమందలి నవబ్రహ్మాలయముల కున్న బాల, స్వర్గ, పద్మ, తారకాది నామములు రససిద్ధుల యోషధుల పేళ్లని చెప్పువారును గలరు. కావున నీ ప్రశ్నమును మన సీమకు సన్నిహితములైన కథలను, శాస్త్రవచనములను బట్టి విచారించి నిర్ణయించుట యుక్తము.

మొదట శబ్దవిచారము. అమరసింహుఁడు విభూతి, భూతి, ఐశ్వర్యములను బర్యాయములుగాఁ బఠించి యది యణిమాదిగా నెనిమిదివిధము లనినాఁడు. లోకమునఁ బ్రసిద్ధమైన పట్టికలో నణిమ, మహిమ, గరిమ, లఘిమ, ప్రాప్తి, ప్రాకామ్యము, ఈశిత్వము, వశిత్వము నని యెనిమిది. యోగసూత్రములకు వ్యాసభాష్యమున గరిమ లేదు. దానికి బదులు యత్రకామావసాయిత్వ మనునది తుదిదిగాఁ గానవచ్చుచున్నది. ఈ భేదము ముందు మనకుఁ బనికివచ్చును.

ఈ నామముల ప్రత్యయములను జూచినచో నివి యేకజాతీయములు గావని తేలును. మొదటి నాలుగు నిమనిచ్ప్రత్యయాంతములు. అణు, మహత్, గురు, లఘు శబ్దములు గుణవాచకములు. గురుశబ్దమునకు గరాదేశము వచ్చి గరిమ యైనది. ఇవి శరీరముయొక్క పరిమాణమును, భారమును దెలుపును. కొలతకు, తూనికకు లోఁబడునవి. ప్రాప్తి క్తిన్నంతము, ఆప్ధాతువునుండి పుట్టిన క్రియావాచకము. ప్రాకామ్యము ప్రకామశబ్దముమీఁద ష్యఞ్ చేరఁగాఁ గలిగినది, ఇచ్ఛకు నడ్డులేమిని దెలుపును. కడపటి రెండును త్వప్రత్యయాంతములు. ఈశియైనవాని భావము, వశియైనవాని భావము. అనఁగా మొదటివి దేహధర్మములు, నడిమివి వ్యాపారధర్మములు, తుదివి పురుషధర్మములు. తారతమ్యవిచారమున కీ విభాగమే మొదటి మెట్టు.

ఇఁక సిద్ధశబ్దము. కాత్యాయనుని వార్తికములు సిద్ధశబ్దముతోనే యారంభమగును. భాష్యకారుఁ డా శబ్దమునకు నిత్యమని యర్థము చెప్పి, కార్యమైనదానికిఁ బ్రతియోగిగా నిలిపినాఁడు. చేయఁబడినది కార్యము, చెడనిది సిద్ధము. వ్యాకరణమున నిది శబ్దార్థసంబంధవిషయము. ఐనను సిద్ధి యని పిలువఁబడు ప్రతిశక్తి విషయమునను నీ ప్రశ్న వేయఁదగును: ఇది నిలుచునదా, చెడునదా? యోగసూత్రకారుఁడు సిద్ధులకు జన్మము, ఓషధి, మంత్రము, తపస్సు, సమాధి యని యైదు మార్గములు చెప్పెను. శ్రీపర్వతసిద్ధుల ఖ్యాతికి మూలము ముఖ్యముగా నోషధియు, మంత్రమును.

శ్రీపర్వత మను పేరును గూర్చి యొక మాట. నాగార్జునకొండయందలి యిక్ష్వాకు శాసనములలో నా ప్రాంతపుఁ గొండలకే శ్రీపర్వత మని వ్యవహారము గలదు. పిమ్మట నా నామము శ్రీశైలమునకు రూఢమైనది. ఏడవ శతాబ్దినాఁటికే యీ ఖ్యాతి యుత్తరదేశమునకు వ్యాపించె ననుటకు బాణుఁడు సాక్షి. కాదంబరిలో నాతఁడు చిత్రించిన వృద్ధద్రావిడధార్మికుఁడు శ్రీపర్వతపు వింతలను వేలకొలఁది యెఱిఁగినవాఁడు. ధాతువాదపుఁ బిచ్చి పట్టినవాఁడు. ఎవఁడో యొక కపటవాది యిచ్చిన సిద్ధాంజనమువలన నాతని కన్నొకటి చెడెను. దాఁచిన నిధులను జూడఁగోరినవాఁ డున్న కన్నును బోఁగొట్టుకొనెను. బాణుని హాసము నిష్ఠురమే కాని, సిద్ధికాంక్షయొక్క మొదటి దోష మందు స్పష్టముగాఁ దెలియుచున్నది: కోరినవానికిఁ బరీక్ష లేదు.

అట్లని శ్రీపర్వతసిద్ధు లెల్లరును హాసపాత్రములు గారు. ఎనిమిదవ శతాబ్దివాఁడైన భవభూతి మాలతీమాధవమున నొకే సాధనకు రెండు ఫలములను జూపెను. అఘోరఘంటుఁడు మంత్రసిద్ధికై మాలతిని బలి యీయఁదలఁచెను. శ్రీపర్వతమున సిద్ధిఁ బొందిన సౌదామిని యా మాలతినే రక్షించి, మాధవునకుఁ దోడ్పడెను. శక్తి యొకటే జాతిది, పురుషుఁడు వేఱు. కాఁబట్టి శక్తిమాత్రముచే నుత్తమాధమభావము తేలదు.

ఇప్పుడు స్వర్ణకరణమును విచారింతము. ఏడవ శతాబ్దిలో భారతదేశమునకు వచ్చిన చీనాయాత్రికుఁడు హ్యూన్‌త్సాంగు దక్షిణకోసలప్రకరణమున నొక కథ వ్రాసినాఁడు. సాతవాహనరాజు నాగార్జునునకై కొండను దొలిపించి సంఘారామము కట్టింపఁబూనఁగా నడుమ బొక్కసము వట్టిదయ్యెను. అంతట నాగార్జునుఁ డౌషధమును ఱాలపైఁ జల్లి బంగారముగాఁ జేసెనఁట. మాధ్యమికాచార్యుఁడైన నాగార్జునుఁడును, రసవాదియైన నాగార్జునుఁడును వేఱువేఱని చరిత్రకారు లనేకులు తలఁతురు. పదునొకండవ శతాబ్దివాఁడైన అల్బీరూనీ తనకు నూఱేండ్లకు ముం దుండిన రసవాది నాగార్జునునిఁ బేర్కొని, యాతని యూరు సోమనాథమునకు సమీపమున నున్నదని చెప్పుటయు నిందుకుఁ దోడ్పడును. ఐనను గథాతాత్పర్యము గ్రాహ్యమే. ఇందు సువర్ణ మారంభించిన ధర్మకార్యమును బూర్తిచేయుటకుఁ బనికివచ్చెనే కాని కోరినవాని మూటకుఁ జేరలేదు. రసశాస్త్రజ్ఞులకును లోహవేధ మంతిమఫలము గాదు. అది రసమునకుఁ బరీక్ష. లోహమునందు గుణము చూపిన పిదపనే దానిని దేహమునందుఁ బ్రయోగింపవలయునని వారి మతము. కావున స్వర్ణసిద్ధి సాధనమే కాని సాధ్యము గాదు.

అట్లైన దేహసిద్ధి, చిరాయుస్సు, ఉత్తమ మందమా? దీనికిని నాగార్జునకథయే యుత్తరము. రసాయనముచే నాగార్జునుఁడును రాజును దీర్ఘాయుష్మంతులైరి. యువరాజు ముదిమి వచ్చుచున్నను సింహాసనము దక్కలేదు. తుదకాతఁడు నాగార్జునునియొద్దకుఁ బోయి శిరస్సును యాచించెను. దాతయైన యాచార్యుఁ డిచ్చెను; రాజును మరణించెను. ఈ కథ హ్యూన్‌త్సాంగు గ్రంథమునఁ గలదు. పదునొకండవ శతాబ్దిలో సోమదేవుఁడు కథాసరిత్సాగరమున దానినే చిరాయువను రాజుపేరఁ జెప్పినాఁడు. అందు మఱియొక విశేషము. నాగార్జునుఁడు లోకమునకు మృత్యువే లేకుండునట్లమృతమును సాధింపఁబూనఁగా నింద్రుఁ డశ్వినులచే వారింపించెను. ఎవ్వరును జావనిచోఁ దరువాతివారి కెడమేది యనుట యిందలి మర్మము. ఒకని యాయువు పెరిగిన నొకని వంతు తఱుగును. ఒరుల వంతును హరించు శక్తి యుత్తమము గానేరదు.

గగనగమనమునకు మన సాహిత్యమున మనుచరిత్రమే ప్రసిద్ధోదాహరణము. సిద్ధుఁ డిచ్చిన పాదలేపముచేఁ బ్రవరుఁడు హిమవంతమున కెగిరిపోయెను. మంచు సోఁకి లేపము కరఁగెను. తిరిగివచ్చు తెరువు లేకపోయెను. పైఁ జెప్పిన సిద్ధకార్యభేద మిచట నక్షరాల నిలిచినది. లేపము కార్యము; కరఁగినది. ప్రవరు నింటికిఁ జేర్చిన దేది? వరూధినికి లోఁబడని నియమమును, నగ్నిసేవయందలి నిష్ఠయును. అవి మంచునఁ గరఁగలేదు.

జైనులును జారణఋద్ధి యని యాకాశగమనమును జెప్పుదురు. జడ్చర్ల మండలమున నల్వాన్‌పల్లి యొద్ద నిటుకలతోఁ గట్టిన గొల్లత్తగుడి నేఁటికిని నీ సీమలో జైనము వర్ధిల్లినదనుటకుఁ దార్కాణము. అనంతపురము జిల్లాలోని కొనకొండ్ల తనదిగాఁ జెప్పుకొను కుందకుందాచార్యుఁడు భూమికి నాలుగంగుళముల యెత్తున నడిచె నని శ్రావణబెళగొళ శాసనములు చెప్పుచున్నవి. ఆ శాసనకవి దానికిఁ జెప్పిన యర్థము మిక్కిలి రమ్యము: లోపలను వెలుపలను రజస్సు తన్ను సోఁకలేదని తెలుపుటకే యాతఁ డట్లు నడిచెనఁట. రజశ్శబ్దమునకు ధూళియు, రజోగుణమును రెండర్థములు. మేఘములదాఁక నెగిరినవారి కథలకంటె నీ నాలుగంగుళముల యెత్తే గొప్పది.

దూరశ్రవణ, దూరదర్శన శక్తులును గోరువారు గలరు. కళాపూర్ణోదయమున సింహవాహనుఁడైన మణిస్తంభుఁ డట్టి సిద్ధుఁడు. ఆ శక్తులు కలిగియు నాతఁడు కలభాషిణిని బలికై కొనిపోవుట కా సిద్ధిని వాడెను. నేఁటివారి కీ శక్తు లబ్బురము గావు. 1959లో ఢిల్లీలో మొదలైన ప్రసారమునకు దూరదర్శన మను సిద్ధినామమే రూఢమైనది. విమానము పాదలేపమునకు, దూరవాణి దూరశ్రవణమునకు స్థానీయములు. వ్యాకరణపరిభాషలోఁ జెప్పవలెనన్న యంత్ర మోషధికి ఆదేశము. స్థానికిఁ గల గుణదోషము లాదేశమునకును గలవు. కావున నీ విచారము పాఁతఁబడినది కాదు.

ఇచట నొక యాక్షేపము: ఐనచో నీశిత్వమో, సంకల్పించినదెల్లఁ జేయు యత్రకామావసాయిత్వమో యుత్తమము గావలదా? వ్యాసభాష్యమే దీనికి సమాధానము చెప్పుచున్నది. అట్టి సత్యసంకల్పుఁడు శక్తుఁడయ్యును బదార్థములను విపర్యాసము చేయఁడు. అవి యట్లుండవలెనని పూర్వసిద్ధుని సంకల్పము గలదు గనుక. సూర్యుఁడు చల్లనగుట కాతఁడు సంకల్పింపఁడని భావము. అనఁగా నున్నతమైన శక్తికి గుర్తు మితి. ఆ మితి వచ్చునది యెచ్చటనుండి? వశిత్వమునుండి.

వశిత్వ మనఁగా వశీకరణ మని సామాన్యులు తలఁచి భయపడుదురు. భాష్యమున నందు రెండు భాగములు గలవు: భూతములు తనకు వశము లగుట, తా నితరులకు వశుఁడు గాకుండుట. వశిశబ్దమునకు జితేంద్రియుఁ డనియే కావ్యప్రయోగము. శాకుంతలము పంచమాంకమున దుష్యంతుఁడు పరస్త్రీసంపర్కమునకు విముఖులైనవారినే వశు లనినాఁడు. ప్రవరుఁ డట్టివాఁడు. గౌరన నవనాథచరిత్రమందలి సారంగధరుఁడు నట్టివాఁడే. ఆ ద్విపదకావ్యము పదునేనవ శతాబ్దిలో శ్రీశైలమందలి భిక్షావృత్తిమఠాధిపతి ప్రేరణమునఁ బుట్టినది. గౌరన వంశము రాచకొండ సంస్థానముతో సంబంధించినది. కావున నది మన సీమకథయే. సవతితల్లి కోరికకు లోఁబడక సారంగధరుఁడు కరచరణములఁ గోల్పోయెను. పిదప నాథయోగమున వానిని మరలఁ బొందెను. కథలోని క్రమమును గమనింపవలయు. యోగసిద్ధి తరువాత వచ్చినది. వశిత్వము ముందే యున్నది. సిద్ధి లేనినాఁడును వాఁడు సారంగధరుఁడే. వశిత్వము లేనినాఁడు సిద్ధుఁడయ్యు నఘోరఘంటుఁడే యగును.

ఇట్లు మూఁడు పరీక్షలు తేలినవి. శక్తి కరఁగక నిలుచునా? ఒరుల వంతును హరింపకుండునా? కలిగినవానిని జెఱుపకుండునా? అణిమాదులు నాలుగును మొదటిదానఁ దప్పును. చిరాయుస్సు రెండవదానఁ దప్పును. స్వర్ణము, దూరదర్శనాదులు మూఁడవదానఁ దప్పును. మూఁటియందును నిలుచునది వశిత్వ మొక్కటియే. సిద్ధులు సమాధికి విఘ్నము లని సూత్రకారుఁడు హెచ్చరించినను, నా విఘ్నమును దాఁటించునదియు నిదియే గదా. పైఁగా దీనికిఁ గొండ యెక్క నక్కఱలేదు, మూలిక పెరుక నక్కఱలేదు. విద్యార్థి యీ ప్రశ్న నడిగినపు డుపాధ్యాయుఁడు నవ్వి యూరకుండక, వాఁడు కోరిన శక్తి నీ మూఁడు పరీక్షలకుఁ బెట్టి చూడు మని చెప్పుట మేలు. వాఁడు తానే నిర్ణయించుకొనును.