మౌనపఠనంలో వినిపించే గొంతు

పెదవులు కదిలిస్తూ చదివినందుకు చిన్నప్పుడు బడిలో దెబ్బలు తిన్నాను. "మనసులో చదువుకోరా!" అనేవారు పంతులుగారు. మనసులో చదివినా గొంతు వినిపిస్తూనే వుండేది. అది మా తాత గొంతు. పాలకుర్తి దాపున మా వూళ్లో ఆయన రాత్రిళ్లు భాగవతం రాగం తీసి చదివేవాడు. అక్షరం ముక్క రాని మా నాయనమ్మ తప్పు దొర్లితే దిద్దేది. చదువు కంటి పని మాత్రమేనని ఆ యింట్లో ఎవరూ అనుకోలేదు.

నిశ్శబ్దంగా చదవటం సహజసిద్ధమైన అలవాటు కాదు. దానికి చరిత్ర వుంది. నాలుగో శతాబ్దంలో మిలాన్ బిషప్ ఆంబ్రోస్ నోరు మెదపకుండా చదవటం చూసిన అగస్టీన్ ఆ సంగతిని ప్రత్యేకించి రాశాడు. మన తాళపత్రాల్లో మాటకూ మాటకూ మధ్య ఎడం వుండదు. మాట ఎక్కడ తెగిందో, సంధి ఎక్కడ కుదిరిందో గొంతెత్తితేనే తేలుతుంది. పాల్కురికి సోమనాథుడు ద్విపదను చేపట్టటం వెనక వున్నది పాడుకునే, వినే జనం. పోతన పద్యం చదువురాని యిళ్లలోకి చేరింది చెవుల ద్వారానే. ఆ యిద్దరి పేర్లతో ముడిపడిన పాలకుర్తి, బమ్మెర నేటి జనగామ జిల్లాలోనే వున్నాయి.

నిజాం పాలనలో ఈ సామూహిక శ్రవణం రాజకీయ శక్తి అయింది. బడుల్లో ఉర్దూ పెత్తనం చేస్తుంటే తెలుగు చదువు బడి బయట పెరగవలసి వచ్చింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. 1926లో గోలకొండ పత్రిక వచ్చింది. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుని తిరిగాడు. నూటికి పదిమందికి కూడా అక్షరాలు రాని రాజ్యంలో వొక పత్రిక ఎందరికి చేరుతుంది? లెక్క కొన్నవారితో ఆగదు. వొకరు చదివితే పదిమంది వింటారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన ఆ పోరాటం వెనక యీ చెవుల చదువు కూడా వుంది.

అక్షరాస్యత పెరిగాక చదువు ఒంటరి పని అయింది. కాని గొంతు పోలేదు, లోపలికి వెళ్లింది. సోవియట్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వైగోట్‌స్కీ 1934లో వెలువడిన 'ఆలోచన - భాష'లో, అంతర్వాక్కు సాంఘిక సంభాషణనుంచే రూపొందుతుందని వివరించాడు. 1981లో బ్రిటన్‌లో ఎలన్ బాడ్లీ బృందం ప్రయోగాలు ప్రకటించింది. చదివేవాడిచేత సంబంధంలేని మాటలు పలికిస్తూ లోపలి గొంతుకు అడ్డుపడితే, వాక్యంలో మాటలు తారుమారైనా, పొసగని మాట పడినా పోల్చుకోవటంలో పొరపాట్లు పెరిగాయి. వేగపఠనం నేర్పేవారు ఆ గొంతును నొక్కేయమంటారు. తేలిక రాతకు చెల్లుతుందేమో, చిక్కటి వాక్యానికి చెల్లదు.

అసలు ప్రశ్న వేరే వుంది. ఆ గొంతు ఎవరి భాషలో పలుకుతుంది? మహబూబాబాద్ తండాల్లో పిల్లల యింటిభాష గోర్‌బోలి. తెలుగు వాచకాన్ని గడగడా అప్పగించే పిల్లవాడు అర్థం చెప్పమంటే బిక్కమొహం వేస్తే, మందమతి అనేస్తాం. అక్కడ పంతులుగా చేరిన తొలి యేడాది నేనూ అన్నాను. కథను ముందు వాళ్ల మాటల్లో చెప్పించి, తర్వాత పుస్తకం తెరిపించాను. ఆ పిల్లలే ప్రశ్నలు వెయ్యటం మొదలెట్టారు.

వొకసారి భూపాలపల్లిలో షిఫ్టు దిగివచ్చిన గని కార్మికుడొకాయన అరుగుమీద పెదవులు కదుపుతూ పత్రిక చదువుతున్నాడు. నా కథ వున్న సంచిక చేతికిచ్చాను. రెండో పేజీలో పెదవులు ఆగిపోయాయి. "సదువుతున్న సార్, గని ఇనబడ్తలేదు" అన్నాడు.

నా రచనమీద అంతకంటే కఠినమైన విమర్శ యింతవరకు రాలేదు. ప్రజలకోసం రాస్తున్నామంటాం. వాళ్ల లోపలి గొంతు పలకలేని భాషలో రాస్తే, అచ్చయిన ప్రతులు ఎన్నయినా అది మూగరాతే. ఆ కథను మళ్లీ రాశాను. ఈసారి ముందుగా ఆ అరుగుమీదే కూర్చుని పైకి చదివాను.