మెచ్చిన కథల వరుస

మా చింతామణి యింటి అటకమీద నొక పాత నోటుపుస్తకము కలదు. దాని కడపటి పుటలో నా చిన్ననాటి చేవ్రాతతో మూడు పేర్లున్నవి. మొదటిది ‘తోకచుక్క’, రెండవది ‘రాకాసిలోయ’. మూడవ స్థానము కొంతకాలము ఖాళీగా నుండి, తరువాత వేరొక సిరాతో ‘శిథిలాలయము’ చేరినది. ఎదుటి పుటలో పాత్రల వరుస వేరుగ నున్నది. అందు కొట్టివేతలు మెండు.

ఇప్పుడు మా మనుమడును అట్టి పుస్తకమే యొకటి పెట్టుకొన్నాడు. వానిది జపానుదేశపు కదలెడు బొమ్మల ధారావాహికల వరుస. వానిని యానిమే యందురు. ‘వన్ పీస్’ మొదటిది, ‘నరూటో’ రెండవది. పాత్రలలో లూఫీకంటె జోరో మిన్న యని వాని తీర్పు. ప్రతి పేరున కెదుట కారణము గూడ వ్రాసినాడు. “వీడు మాటిచ్చినాడంటే తప్పడు” అని జోరోకు వ్రాసిన కారణము. భాష మన యింటి తెలుగు, లిపి కన్నడము.

ఈ రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడు, మెచ్చినవానిని వరుసపెట్టుకొను ఈ అలవాటు మనలో నెంత పాతదో విచారింపవలెనని తోచినది.

మన పండితులును ఈ పని చేసినవారే. పంచకావ్యము లని వారొక పట్టిక వేసిరి. అందు మనుచరిత్రము, వసుచరిత్రము, ఆముక్తమాల్యద అనువాని స్థానములకు కదలిక లేదు. మిగిలిన రెంటికడనే చిక్కు. పాండురంగమాహాత్మ్యము నొకరు చేర్తురు. శృంగారనైషధము నొకరు, పారిజాతాపహరణము నొకరు పట్టుదలతో నిలుపుదురు. అష్టదిగ్గజముల సంగతియు నిట్టిదే. కృష్ణరాయలు రాజ్యమేలినది 1509 మొదలు 1529 వఱకు. వసుచరిత్రమును తిరుమలరాయల కంకితమిచ్చిన రామరాజభూషణుడు తరువాతి తరమువాడు. ఆ తిరుమలరాయడు 1565 నాటి యుద్ధము పిమ్మట రాజధానిని పెనుగొండకు, అనగా మన బాగేపల్లికి ఉత్తరముననే యున్న కొండకోటకు, మార్చినవాడు. భువనవిజయమున రామరాజభూషణుడు కూర్చుండుట కాలమునకు పొసగదు. అయినను లోకము వానిని ఆ ఎనిమండ్రలో కూర్చుండబెట్టినది. చరిత్రకారుడు దీనిని తప్పనును. నేనును తప్పే యందును. కాని ఆ తప్పులో జనులకు వసుచరిత్రముపై గల మక్కువ తెలియుచున్నది.

అక్షరములు రానివారికిని వరుసలుండెడివి. సరిహద్దు కావలనున్న ధర్మవరము ప్రాంతపు నిమ్మలకుంట నేటికిని తోలుబొమ్మలకు ప్రసిద్ధము. అచటి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము వచ్చినది. తోలుపై రంగులు వేసి, కీళ్ళు కట్టి, వెలుగుముందు ఆడించు ఆ బొమ్మలను తలచుకొన్నచో, జపానువారి కదలెడు బొమ్మలు మనకు బొత్తిగా పరాయివి కావనిపించును. తెల్లవార్లు సాగు ఆ యాటలో పిల్లలు నిద్ర నాపుకొన్నది రామునికొఱకు కాదు, జుట్టుపోలిగాని కొఱకును బంగారక్క కొఱకును. జపాను, భారతదేశముల కళాకారులు కలిసి 1992లో పూర్తిచేసిన రామాయణ చిత్రము 2025 జనవరిలో తెలుగు మాటలతో మన థియేటర్లకు వచ్చినది. మా మనుమడు దానిని చూచి, రామునికంటె కుంభకర్ణునికి పై స్థానమిచ్చినాడు. ఇంటిలో కొందరు కినిసిరి. నాకు బంగారక్క గుర్తు వచ్చినది.

మా తరమువారి వరుసలకు మూలము చందమామ. అది 1947 జూలైలో మదరాసున తెలుగు, తమిళములలో ఆరంభమై, 1949లో కన్నడమునకును వచ్చినది. మన తాలూకాల తెలుగు కుటుంబములకు ఇది విచిత్రమైన మేలు చేసినది. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడును మన ప్రాంతము మైసూరు రాష్ట్రముననే నిలిచినది. ఇంట తెలుగు, బడిలో కన్నడము. మా యింట అవ్వ తెలుగు చందమామ చదివెడిది. ప్రక్కయింటి పిల్లలు కన్నడపు ప్రతి చదివెడివారు. బొమ్మలొకటే, కథ యొకటే. చదివిన లిపి యేదైనను జగడము మాత్రము తెలుగులోనే సాగెడిది.

ఆ ధారావాహికలను వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యముగారని మాకు చాలకాలము తెలియదు. చిత్రకారులు మాత్రము ‘చిత్రా’, ‘శంకర్’ అని బొమ్మమీద సంతకము చేసెడివారు గనుక వారికొక వరుస, వారిపై నొక జగడము. తోకచుక్క 1954 నాటిది. నేను దానిని మా అన్న కుట్టించి దాచిన పాత సంచికలలో చదివితిని. అందలి నాయకుడు సమరసేనుడు నా పట్టికలో ఏనాడును మొదటివాడు కాలేదు. మాంత్రికుడు ఏకాక్షి మొదటివాడు, వాని వైరి చతుర్నేత్రుడు రెండవవాడు. నాయకుడెట్లును గెలుచును గదా, వానికి నా సాయమెందుకు? మా అన్న దీనిని దుర్మార్గమనెడివాడు. పిమ్మట శిఖిముఖి, విక్రమకేసరులు వచ్చి నా చేత కొట్టివేతలు చేయించిరి. ఆ కొట్టివేతలను చూచినచో నేను ఏ యేట పెద్దవాడనైతినో దాదాపుగా చెప్పవచ్చును.

జపానులో ఇట్టి వరుసలు వట్టి ముచ్చటగా మిగులలేదు. 1963 జనవరిలో తెజుకా ఒసాము గీసిన ‘అణుబాలుడు’ టెలివిజనులో వారము వారము రాసాగినది మొదలు ఆ దేశమున బొమ్మల ధారావాహికలు వెల్లువయ్యెను. 1968లో పుట్టిన ‘జంప్’ అను బొమ్మల పత్రిక, పాఠకులు కార్డుపై వ్రాసి పంపిన మెచ్చుకోళ్ళనుబట్టి ఏ కథ సాగవలెనో, ఏది ఆగవలెనో తేల్చుచు వచ్చినది. వన్ పీస్ 1997లో ఆ పత్రికలోనే మొదలై, అట్టి పరీక్షలకు నిలిచినది. నా పట్టిక మాత్రము అటక దాటలేదు. చందమామ పత్రికయు 2013 నాటికి ఆగిపోయినది.

మనుమడు తెలుగును కన్నడ లిపిలో వ్రాయుట నన్ను మొదట నొప్పించినది. కాని చింతామణి తాలూకా కైవారమున వెలసిన నారేయణ యోగి, మన మందరము తాతయ్య యని పిలుచుకొను ఆ మహనీయుడు, తెలుగున పాడిన కీర్తనలు కన్నడ లిపిలోనే అచ్చయి మన యిండ్లలో నున్నవి. వానిని పాడునపుడు లిపి యేదని అడిగినవారిని నేను చూడలేదు. అయినను కీర్తన గొంతున నిలుచును. పాత నోటుపుస్తకము గొంతున నిలువదు. నా పట్టికను వాడు చదువలేడు.

మొన్న నేనే చదివి వినిపించితిని. వాడు శ్రద్ధగా విని, తన పుస్తకమున తొమ్మిదవ స్థానమున ‘రాకాసిలోయ’ అని కన్నడ లిపిలో వ్రాసినాడు. తొమ్మిదవదా యని నేను వాదమునకు దిగితిని. “కథంతా చెప్పు తాతా, ఆమీద చూద్దాం” అన్నాడు. రాత్రి భోజనములైన పిమ్మట చెప్పుచున్నాను. బ్రహ్మదండి మాంత్రికుడు ఇప్పుడే వచ్చినాడు.