కొలతకు దొరకని కథానాయకులు

తెలుగు రాష్ట్రాల్లో పోలీసు కానిస్టేబుల్ కావాలంటే సాధారణంగా మగవాళ్ళు 167.6 సెంటీమీటర్లు, ఆడవాళ్ళు 152.5 సెంటీమీటర్లు ఉండాలి. చెప్పులు విప్పించి, మడమలు ఆనించి నిలబెట్టి మరీ కొలుస్తారు. 167.6 అన్న ఆ పొసగని అంకె నిజానికి పాత 5 అడుగుల 6 అంగుళాలే. 1956 చట్టంతో దేశం మెట్రిక్ కొలతల్లోకి మారినా, మనిషి ఎత్తు మాత్రం జనం నోట అడుగుల్లోనే ఉండిపోయింది.

గల్ఫ్‌కు వెళ్ళిన తొలి తరం కూలీలకూ ఇలాంటి అంకె ఒకటి ఉండేది. అప్పటి భారత పాస్‌పోర్టులో ఎత్తు, కళ్ళ రంగు, జుట్టు రంగు, పుట్టుమచ్చలు చేత్తో రాసే గళ్ళు ఉండేవి. కరీంనగర్ నుంచో కడప నుంచో బయల్దేరినవాడు దోహాలో ఆగిపోయినా, ఖతర్ ఉత్తరపు కొసన ఉన్న చేపల రేవు అల్ రువైస్ దాకా వెళ్ళినా, తన ఎత్తును సర్కారు ముద్రతో వెంట తీసుకెళ్ళినట్టే. అతను సెలవురోజు గదిలో వీడియో క్యాసెట్ పెట్టుకుని చూసిన కథానాయకుడి ఎత్తు మాత్రం ఏ దస్తావేజులోనూ మనకు దొరకదు. సినిమాతారకూ పాస్‌పోర్టు ఉంటుంది. అది చరిత్రకారుడి చేతికి వచ్చేది కాదు. వచ్చేవల్లా ఆడిన సినిమాలు, పత్రికల ప్రచారం, దగ్గర్నించి చూశామనేవాళ్ళ మాటలు. వీటిలో మొదటిదే అన్నిటికన్నా నమ్మదగినదిగా కనిపిస్తుంది. కళ్ళారా చూస్తున్నాం కదా! చిక్కంతా అక్కడే ఉంది.

1957లో వచ్చిన ‘మాయాబజార్’ను తీసుకోండి. కె.వి. రెడ్డి దర్శకుడు, మార్కస్ బార్‌ట్లీ ఛాయాగ్రాహకుడు. ఎస్.వి. రంగారావు స్వతహాగా భారీ మనిషే. కానీ ఘటోత్కచుడికి ఆ భారీతనం చాలదు. అందుకని కెమెరాను కిందికి దించి పైకి చూపించడం, పక్కన నిలిచే వస్తువుల పరిమాణం మార్చడం, అవసరమైతే ఫిలిం సగాన్ని మూసి ఒకసారీ, వెనక్కి తిప్పి మిగతా సగం మీద ఇంకోసారీ చిత్రించడం వంటి ఉపాయాలు ఆనాటి స్టూడియోల్లో ఉండేవి. అదే సినిమాలో ద్వారక ఒక బుల్లి నమూనా నగరం; తెరమీద మాత్రం మహానగరం. బొమ్మలో దేని సైజైనా పక్కనున్న దాన్ని బట్టే తెలుస్తుంది, ఆ పక్కనున్నదాన్ని ఎంపిక చేసేది దర్శకుడు. ఇక పౌరాణికాల్లో ఎన్.టి. రామారావు తలమీది కిరీటం సంగతి చెప్పనక్కర్లేదు. నడినెత్తి ఎక్కడ ముగిసిందో కిరీటం ఎక్కడ మొదలైందో తేలనిదే కొలిచేదేమిటి?

అదే 1957లో హాలీవుడ్‌లో ‘బాయ్ ఆన్ ఎ డాల్ఫిన్’ వచ్చింది. కథానాయకుడు ఆలన్ లాడ్ పొట్టి, సోఫియా లోరెన్ పొడగరి. సముద్రపు ఒడ్డున ఇద్దరూ పక్కపక్కనే నడవాల్సి వస్తే ఆమె కోసం ఇసుకలో కందకం తవ్వారు. హీరోని ఎత్తడం కష్టమైతే హీరోయిన్‌ను దించారన్నమాట. అంత శ్రమ ఎప్పుడూ పడక్కర్లేదు. మన సెట్లలోనూ యాపిల్ బాక్స్ అనే చెక్కపెట్టె ఉంటుంది. నిండుది ఎనిమిది అంగుళాలు, సగానిది నాలుగు, పావుది రెండు. అట్టలాంటిది ఒక అంగుళమే. ఇద్దరు నటులు నడుము పైనుంచి కనబడే షాట్‌లో ఎవరి కాళ్ళ కింద ఏ పెట్టె ఉందో ప్రేక్షకుడికి తెలిసే దారి లేదు.

‘మాయాబజార్’కు సహాయ దర్శకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు మూడు దశాబ్దాల తర్వాత దీనికి పూర్తి వ్యతిరేకమైన పని నెత్తికెత్తుకున్నారు. 1989లో తమిళంలో తీసిన ‘అపూర్వ సహోదరర్‌గళ్’ మనకు ‘విచిత్ర సోదరులు’గా తెలుసు. అందులో కమల్ హాసన్ ఒక పాత్రలో సర్కస్ మరుగుజ్జు అప్పు. ఎదురుగా తీసే షాట్ల కోసం మోకాళ్ళ లోతు గుంట తవ్వి, కాళ్ళు అందులో దిగాక ఇసుకతో కప్పేసేవారు. పక్కనుంచి తీసేటప్పుడు కాళ్ళు వెనక్కి మడిచి, మోకాళ్ళకు ప్రత్యేకంగా చేయించిన బూట్లు తగిలించేవారు. లాడ్ పక్కన లోరెన్‌ను ముంచిన ఇసుకే ఇక్కడా పనిచేసింది. కాకపోతే అక్కడ నటుడి పరువు దాచడానికి, ఇక్కడ పాత్రను నిలబెట్టడానికి. ఈ కిటుకుల్ని యూనిట్ చాలాకాలం గుట్టుగానే ఉంచింది. ఎవరూ చెప్పకపోతే ఫిలిం రీళ్ళు మాత్రమే చూసే పరిశోధకుడు కమల్ గురించి ఏం రాసేవాడో ఊహించుకోవచ్చు.

తెరకూ మనకూ మధ్య ఇంకో అడ్డంకి ఉంది. ‘అల్లూరి సీతారామరాజు’తో 1974లో తెలుగులోకి సినిమాస్కోప్ వచ్చింది. ఆ పద్ధతిలో కటకం బొమ్మను అడ్డంగా నొక్కి ఫిలిం మీదికెక్కిస్తుంది, ప్రొజెక్టర్ మళ్ళీ సాగదీస్తుంది. స్కోప్ సినిమాలు క్యాసెట్లకూ టీవీలకూ ఎక్కినప్పుడు పేర్లు పడుతున్నంతసేపూ బొమ్మ నొక్కుకునే ఉండటం చాలామందికి గుర్తుండే ఉంటుంది. హీరో వెదురు బొంగులా కనబడేవాడు. పేర్లు అయిపోగానే మామూలు మనిషయ్యేవాడు. తర్వాత పాత చదరపు బొమ్మను వెడల్పు టీవీల నిండా సాగదీసి చూడటం మొదలయ్యాక అదే మనిషి పొట్టిగా, బలంగా తయారయ్యాడు.

పత్రికల సాక్ష్యం గురించి ఎక్కువ చెప్పడం అనవసరం. ఆరడుగులంటే 182.88 సెంటీమీటర్లు. సినిమా రాతల్లో ‘ఆరడుగుల’ అన్నప్పుడు ఎవరూ టేపు పట్టి చూసి రాయరు, అది పొగడ్త. అభిమానుల వాదనలైతే నటుడికి ఒక అంగుళం తగ్గినా ఆస్తి పోయినట్టే సాగుతాయి.

పోనీ నిజాయితీగా కొలిచినా ఏ ఎత్తు రాయాలి? పొద్దున లేచినప్పటికీ రాత్రి పడుకునేముందుకీ వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళలు నొక్కుకుని మనిషి ఒక సెంటీమీటరు దాకా తగ్గుతాడు. నడివయసు దాటాక పదేళ్ళకు దాదాపు మరో సెంటీమీటరు పోతుంది. అక్కినేని నాగేశ్వరరావు ‘ధర్మపత్ని’ (1941) నాటికి ఇంకా ఎదుగుతున్న కుర్రాడు. ఆఖరి సినిమా ‘మనం’ 2014లో విడుదలైంది. డెబ్బై ఏళ్ళు దాటిన నటజీవితానికి ఒకే అంకె తగిలించడం, ఏ సంవత్సరమో చెప్పకుండా ఊరి జనాభా రాయడంలాంటిది.

నాకైతే కాస్ట్యూమ్ విభాగం పుస్తకాల మీద కొంచెం ఆశ. దర్జీకి నటుడి కీర్తితో పనిలేదు, గుడ్డ సరిపోవాలి. ఛాతీ, నడుము, భుజం, చెయ్యి, ప్యాంటు పొడవు అంగుళాల లెక్కన రాసుకుంటాడు. నిలువెత్తు ఎవరూ అడగరు కాబట్టి దాన్ని రాయడు. ప్యాంటు పొడవు నుంచి ఎత్తు అంచనా కట్టొచ్చుగానీ, దర్జీ ఆ కొలత తీసేది షాట్‌లో వేసుకోబోయే మడమల బూట్లు తొడిగించాకే.