అధికార పక్షం నుంచే లేచిన ప్రశ్న

ప్రభుత్వాన్ని నిలదీయడం ప్రతిపక్షం పని అన్న అభిప్రాయం మనలో పాతుకుపోయింది. కానీ స్వతంత్ర భారత పార్లమెంటును కుదిపేసిన తొలినాటి పెద్ద ఆర్థిక కుంభకోణాన్ని సభలో ఎండగట్టింది కాంగ్రెస్ సభ్యుడే. ఆయన రాయ్‌బరేలీ ఎంపీ, ప్రధాని నెహ్రూకు స్వయానా అల్లుడు ఫిరోజ్ గాంధీ. జనం దాచుకున్న సొమ్ము ఎవరి చేతిలో ఉన్నా లెక్క చెప్పి తీరాలన్నది ఆయన పట్టుదల.

1952లో లోక్‌సభకు వచ్చిన ఫిరోజ్ మూడేళ్లకు పైగా మౌనంగానే ఉన్నారు. 1955 డిసెంబరులో బీమా సవరణ బిల్లుపై తొలిసారి గొంతు విప్పారు. అప్పట్లో జీవిత బీమా ప్రైవేటు కంపెనీల చేతిలో ఉండేది. భారత్ ఇన్సూరెన్స్ పాలసీదారుల సొమ్మును రామకృష్ణ దాల్మియా సొంత వ్యాపారాలకు ఎలా మళ్లించారో ఫిరోజ్ లెక్కలతో సహా సభ ముందుంచారు. ఆ వ్యవహారంలో దాల్మియాకు తర్వాత జైలుశిక్ష పడింది. 1956 జనవరిలో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి జీవిత బీమా కంపెనీల నిర్వహణను చేపట్టింది. ఆ సెప్టెంబరు 1న 245 సంస్థలను కలిపి ఎల్ఐసీని నెలకొల్పింది.

అదే ఏడాది ఆయన ఇంకో లోపాన్ని సరిచేశారు. సభలో సభ్యుడు ఏం మాట్లాడినా రాజ్యాంగం రక్షిస్తుంది. ఆ మాటల్నే అచ్చువేసిన పత్రిక మీద మాత్రం అప్పట్లో పరువునష్టం దావా వేయగలిగేవారు. సభలో జరిగినదాన్ని దురుద్దేశం లేకుండా, ఉన్నదున్నట్టు రాసే పత్రికలకు రక్షణ కల్పిస్తూ ఫిరోజ్ ప్రైవేటు సభ్యుడి బిల్లు తెచ్చారు. అది చట్టమైంది.

అసలు పరీక్ష 1957లో ఎదురైంది. కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంద్రాకు చెందిన ఆరు కంపెనీల షేర్లను ఎల్ఐసీ సుమారు కోటీ పాతిక లక్షల రూపాయలు పోసి కొన్నది. సంస్థ పెట్టుబడుల కమిటీని సంప్రదించనే లేదు. డిసెంబరు 16న ఫిరోజ్ ఈ కొనుగోళ్లను సభలో విప్పి చూపారు. తాను సృష్టించిన ఇంత పెద్ద ఆర్థిక సంస్థపై నిఘా పెట్టవలసింది పార్లమెంటే అన్నది ఆయన వాదన. రెండేళ్ల కిందట ప్రైవేటు యజమానిని అడిగిన ప్రశ్ననే ఇప్పుడు సర్కారుకు వేశారు. అప్పుడు స్పీకర్ స్థానంలో ఉన్నది చిత్తూరు ఎంపీ మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ప్రభుత్వ వ్యయాన్ని పరిశీలించేందుకు 1950లో ఏర్పడిన అంచనాల కమిటీకి తొలి అధ్యక్షుడూ ఆయనే.

బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా బహిరంగ విచారణ జరిపి, కొద్ది వారాల్లోనే నివేదిక ఇచ్చారు. అధికారి చేసిన పనికి మంత్రే బాధ్యుడని తేల్చారు. ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి 1958 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. ఫిరోజ్ 1960 సెప్టెంబరులో గుండెపోటుతో మరణించారు. అప్పటికి నలభై ఎనిమిదేళ్లు నిండలేదు.

ఆయన పోయాక పార్లమెంటు పర్యవేక్షణకు పద్ధతులు ఏర్పడ్డాయి. ప్రభుత్వరంగ సంస్థల పనితీరు పరిశీలించేందుకు 1964లో ప్రత్యేక కమిటీ వచ్చింది. 1967 నుంచి ప్రజాపద్దుల కమిటీ అధ్యక్ష పదవిని ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ అయింది. పత్రికల రక్షణ చట్టాన్ని మాత్రం ఎమర్జెన్సీలో ఫిరోజ్ భార్య ఇందిర ప్రభుత్వమే రద్దు చేసింది. 1977లో జనతా ప్రభుత్వం దాన్ని మళ్లీ తెచ్చింది. 44వ సవరణ ఆ రక్షణను 361ఎ అధికరణగా రాజ్యాంగంలోనే చేర్చింది. సాధారణ చట్టంగా ఉన్నప్పుడు తేలిగ్గా ఎగిరిపోయిన హక్కు ఆ దెబ్బతో గట్టిపడింది.

కమిటీలు, అధికరణలు ఉన్నంత మాత్రాన ప్రశ్న దానంతటదే పుట్టదు. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం పార్టీని వదులుకున్న సభ్యుడిపైన, విప్‌ను ధిక్కరించి ఓటు వేసే లేదా ఓటింగుకు దూరంగా ఉండే సభ్యుడిపైన వేటు వేస్తుంది. సొంత ప్రభుత్వాన్ని లెక్కలు అడిగే సభ్యుణ్ణి అది ఏమీ చేయదు. అధికార పక్ష సభ్యులు నోరు మెదపకపోవడానికి టిక్కెట్టు భయం, పదవి ఆశ కారణాలు కావచ్చు. చట్టాన్ని సాకుగా చూపే వీలు మాత్రం వారికి లేదు.