చెట్లకు చలికాలపు ఇల్లు: ఐరోపాలో ఆరంజరీ నుంచి గాజుగది వరకు

1. పరిచయం

గన్నేరు మీకు కొత్త మొక్క కాదు. రహదారి డివైడర్ల మీద మండుటెండలో కూడా పూస్తూ కనబడుతుంది. అదే గన్నేరు పారిస్ దగ్గరి వెర్సాయి రాజప్రాసాదంలో ఏటా అక్టోబరు నుంచి మే వరకు ఒక రాతి భవనంలో కాలం గడుపుతుంది. దాని పక్కనే నారింజ, నిమ్మ, దానిమ్మ చెట్లు కూడా పెద్ద పెద్ద చెక్కపెట్టెలలో ఉంటాయి. మన పెరటి మొక్కకు అక్కడ రాజభవనం ఎందుకు అవసరమైంది?

ఈ పాఠ్యభాగంలో రెండు విషయాలు తెలుసుకుంటారు. చలికి తట్టుకోలేని పూలచెట్లను కాపాడే పద్ధతిని ఐరోపా తోటమాలులు ఎలా నేర్చుకున్నారు అన్నది మొదటిది. ఆ పద్ధతి ఎవరికి అందింది, ఎవరికి చాలాకాలం అందలేదు అన్నది రెండవది.

2. చెట్టు కోసం కట్టిన భవనం

ఉష్ణ ప్రాంతపు మొక్కకు గడ్డకట్టే చలి ప్రాణాంతకం. కణాలలోని నీరు మంచుగా మారితే కణజాలం దెబ్బతిని ఆకులు, లేత కొమ్మలు నల్లబడతాయి. ఆసియా నుంచి మధ్యధరా తీరం మీదుగా ఉత్తర ఐరోపా చేరిన నారింజకు ఎదురైన సమస్య ఇదే. మన ‘నారింజ’, ఇంగ్లీషువారి ‘ఆరంజ్’ ఒకే మూలపదం నుంచి వచ్చాయి. చెట్టుతో పాటు పేరు కూడా పడమటికి ప్రయాణించిందన్నమాట.

మొదట్లో భవనాన్నే చెట్టు దగ్గరికి తెచ్చారు. ఇంగ్లండులోని బెడింగ్టన్‌లో 16వ శతాబ్దంలో నారింజ చెట్లను నేలలోనే నాటి, చలికాలం రాగానే చుట్టూ చెక్కపాక కట్టి, లోపల పొయ్యిలు వెలిగించేవారు. వేసవిలో పాక విప్పేసేవారు. ఆ చెట్లు 1739–40 నాటి భయంకరమైన చలికి నశించాయి.

తరువాత ఈ పద్ధతి తలకిందులైంది. చెట్టును పెట్టెలో పెంచి, దాన్నే భవనంలోకి తీసుకువెళ్లడం మొదలైంది. ఇలాంటి భవనానికి ‘ఆరంజరీ’ అని పేరు. వీటిలో ప్రసిద్ధమైనది వెర్సాయిలో 14వ లూయీ కోసం జూల్ ఆర్దువాఁ-మాన్సార్ 1684–86 మధ్య నిర్మించినది. దీని మధ్య మండపం పొడవు 150 మీటర్లకు పైగా ఉంటుంది. గోడల మందం 4 నుంచి 5 మీటర్లు. కిటికీలన్నీ దక్షిణ ముఖంగా ఉండటం వల్ల వంగిన చలికాలపు ఎండ నేరుగా లోపలికి వస్తుంది. గోడల మందం, రెండు పొరల కిటికీల వల్ల పొయ్యి లేకుండానే లోపలి ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయికి దిగదు.

ఇక్కడ మీరు ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటుంది. భవనం నిలిచిన పాతికేళ్లలోపే, 1709 జనవరిలో, ఫ్రాన్స్‌ను తీవ్రమైన చలి ముంచెత్తింది. దక్షిణాన ఆలివ్ తోటలు మాడిపోయాయి. చలి, దాని వెంటే వచ్చిన కరువు కలిసి లక్షల మందిని బలిగొన్నాయి. చెట్టుకు అంత మందపు గోడ కట్టగలిగిన రాజ్యంలోనే జనం చలికి, ఆకలికి చనిపోయారు. అందువల్ల ఆరంజరీని తోటపని చరిత్రకు మాత్రమే ఆధారంగా చూస్తే సరిపోదు. ఆనాటి సంపద ఎక్కడ పోగయిందో చెప్పే ఆధారం కూడా అదే.

3. నిప్పు నుంచి విశ్రాంతి వైపు

తొలి తోటమాలులు చలికి విరుగుడు నిప్పే అనుకున్నారు. బొగ్గు కుంపట్లు గదిలోనే పెట్టేవారు. దానివల్ల పొగ పట్టేది, గాలి పొడిబారేది. లండన్‌లోని చెల్సీ ఔషధ వనంలో ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం జరిగింది. 1685లో ఆ తోటను చూసిన జాన్ ఎవెలిన్, గది అడుగు నుంచి వేడిని పంపే ఏర్పాటును తన దినచర్యలో వర్ణించాడు. నిప్పు నేల కింద ఉండటంతో గట్టి చలిలోనూ తలుపులు తెరిచి మొక్కలకు గాలి తగలనివ్వగలిగారు.

అయినా వేడి ఒక్కటే సరిపోదని అనుభవం నేర్పింది. చలికాలంలో పగలు చిన్నది, వెలుతురు తక్కువ. అలాంటప్పుడు గది వెచ్చగా ఉంటే మొక్క పాలిపోయిన, సన్నని చిగుళ్లు వేసి, దాచుకున్న ఆహారాన్ని ఖర్చు చేసుకుంటుంది. చల్లని మట్టిలో నీరు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి. మొక్కకు కావలసింది సుప్తావస్థ, అంటే పెరుగుదలను దాదాపు ఆపుకొని విశ్రమించే స్థితి. అందుకు గడ్డకట్టనంత చలి, అతి తక్కువ నీరు చాలు. దానిమ్మ వంటి ఆకురాల్చే మొక్క ఈ స్థితిలో మసక చీకటిలో కూడా ఉండగలదు. నారింజ, గన్నేరు వంటి సతతహరిత మొక్కలకు మాత్రం అప్పుడు కూడా వెలుతురు కావాలి. ఇంగ్లీషులో ‘గ్రీన్‌హౌస్’ అనే పేరు ఇలాంటి ఎప్పుడూ పచ్చగా ఉండే మొక్కల వల్లే వచ్చింది.

18వ శతాబ్దంలో థర్మామీటరు తోటగదిలోకి వచ్చింది. మొక్కల ఆకుపచ్చని భాగాలు వెలుతురులోనే గాలిని శుద్ధి చేస్తాయని యాన్ ఇంగెన్‌హౌస్ 1779లో వివరించాడు. తోటమాలులు ఎన్నో తరాలుగా కంటితో చూసినదానికి ఇలా శాస్త్రాధారం దొరికింది.

4. గాజు, పన్ను, సామాన్యులు

వెలుతురు కావాలంటే గాజు కావాలి. బ్రిటన్‌లో 1740ల నుంచి గాజుపై బరువును బట్టి సుంకం ఉండేది. కిటికీల సంఖ్యను బట్టి ఇంటిపై వేసే పన్ను 1696 నుంచే ఉంది. కాబట్టి గాజుగది ధనికుల సొత్తుగానే మిగిలింది. 1816లో జాన్ క్లాడియస్ లౌడన్ రూపొందించిన వంపు తిరిగే ఇనుప చట్రం వల్ల పైకప్పును కూడా గాజుతో కట్టడం సులువైంది. 1845లో గాజు సుంకం, 1851లో కిటికీ పన్ను రద్దయ్యాయి. ఆ తరువాత గాజు చవకై, మధ్యతరగతి ఇళ్లకు చిన్న గాజుగదులు వచ్చాయి.

గాజుగది లేనివారు సుప్తావస్థనే ఆసరా చేసుకున్నారు. ఫ్యూషియా వంటి ఆకురాల్చే మొక్కల కుండీలను చలికాలమంతా నేలమాళిగలో ఉంచేవారు. జెరేనియం మొక్కలను మట్టి దులిపి, అక్కడే తలకిందులుగా వేలాడదీసేవారు. వసంతం రాగానే మళ్లీ నాటి నీళ్లు పోస్తే చిగురించేవి. రాజు రాతిగోడతో సాధించినదాన్ని వీరు మొక్క స్వభావాన్ని తెలుసుకొని సాధించారు.

ఈ చరిత్ర నేడు తెలుగువారి ఇళ్లలోనూ కొనసాగుతోంది. న్యూజెర్సీ, షికాగో వంటి చలి ప్రాంతాలలోని మనవాళ్లు శరదృతువులో మల్లె, మందారం, కరివేపాకు కుండీలను ఇంట్లోకి తెచ్చుకుంటారు. ఆకులు రాలగానే మొక్క చచ్చిపోతోందని భయపడి నీళ్లు ఎక్కువ పోస్తే అసలు ప్రమాదం అప్పుడే వస్తుంది. కొమ్మను గోటితో గీరి చూడాలి. లోపల పచ్చగా ఉంటే మొక్క బతికే ఉంది. దానికి విశ్రాంతి ఇచ్చి వేచి ఉండాలి.

5. సారాంశం

చలికాలంలో పూలచెట్లను కాపాడే పద్ధతి నిప్పుతో మొదలై, గోడ, గాజుల మీదుగా మొక్క విశ్రాంతిని అర్థం చేసుకోవడం వరకు సాగింది. అందులో గాజు ఎవరికి దొరకాలన్నది చాలాకాలం పన్నులు, సంపదలు నిర్ణయించాయి. విశ్రాంతిని గురించిన జ్ఞానానికి మాత్రం సుంకం లేదు. అందుకే అది సామాన్యుడి నేలమాళిగ దాకా చేరింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. వెర్సాయి ఆరంజరీ పొయ్యి లేకుండా చలిని ఎలా ఆపగలిగింది?
2. సుప్తావస్థలో ఆకురాల్చే మొక్కల అవసరాలకు, సతతహరిత మొక్కల అవసరాలకు తేడా ఏమిటి?
3. ఒక పన్ను రద్దు తోటల చరిత్రను ఎలా మార్చగలదో గాజు ఉదాహరణతో పది వాక్యాలలో రాయండి.