ఏరు ఎర్రబడితే గట్టెక్కాల

కుంపటి దగ్గరికి జరగండిరా, కరెంటు ఇప్పట్లో రాదు. ఉరుముకు భయపడొద్దు గానీ, ఆ కిటికీ పక్కనుంచి ఇటు రా అబ్బాయీ. ఐప్పసి నెల వాన ఎప్పుడూ ఇంతే, మధ్యాహ్నందాకా చెమట, పొద్దువాలితే దంచుడు.

మదురైలో మా చిన్నప్పుడు వైగై అంటే మాకు ఏరు కాదు, ఆటస్థలం. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసకే. అందులో చెలమలు తవ్వి ఆడవాళ్ళు నీళ్ళు తోడేవాళ్ళు. మేము ఏటి నడుమనుండే మైయ మండపం నీడలో ఆడుకుంటా ఉంటిమి. మా అవ్వ మాత్రం నెత్తిమీది మబ్బును చూసేది కాదు, పడమటి దిక్కు చూసేది. వైగై పుట్టేది వరుసనాడు కొండల్లో కదా. అక్కడ సాయంత్రం కురిస్తే, ఇక్కడ చుక్కలు కనిపించే రాత్రి కూడా ఏరు వస్తుంది. "నీళ్ళు ఎర్రబడినా, పుల్లా నురగా కొట్టుకొచ్చినా బట్టలు వదిలెయ్, పిల్లల చెయ్యి పట్టుకొని గట్టెక్కు" అనేది. హోరు వినిపించేదాకా ఆగినోళ్ళకు పరిగెత్తే టైము ఉండదు.

1959లో ఆండిపట్టి దగ్గర వైగై ఆనకట్ట వచ్చె. నిండు మట్టం 71 అడుగులు. 66 అడుగులకు మొదటి హెచ్చరిక, 68.5కు రెండోది, 69కు మూడోది. రేడియోలో ఆ అంకె చెప్తే మా నాయన మేకల్ని ఏట్లోకి తోలనిచ్చేవాడు కాదు.

అయితే ఆనకట్ట ఆపేది కొండనీళ్ళనే. 2024 అక్టోబరు 25న మదురైలో పావుగంటలో 4.5 సెంటీమీటర్లు కురిసె. సెల్లూరు కణ్మాయి, అంటే చెరువు, పొర్లి ఇళ్ళలోకి వచ్చె. ఊళ్ళో పడిన వాన ఊళ్ళోనే వరదైపోయె. కిరుదుమాల్ అని ఒక నది ఊరి నడుమ పారేది. దాన్నిప్పుడు చూస్తే మురుక్కాలువ అంటారు. నీళ్ళు పోయే దారంతా ఇళ్ళు కట్టుకుంటిమి, తప్పు వానది కాదు.

కోయంబత్తూరు కథ కూడా అంతే. వెళ్ళియంగిరి కొండల్లోనుంచి వచ్చే నొయ్యల్ నీళ్ళు కాలువలెంట పోయి పెరియకుళం, వాలాంకుళం, సింగానల్లూరు చెరువు నింపేవి. మన కమ్మవాళ్ళు నల్లరేగడిలో పత్తి పెట్టిన రోజుల్లో ఆ కాలువల పూడిక తీయడం అందరి పని. ఇప్పుడు గట్టివాన పడితే లంకా కార్నర్ రైలు వంతెన కిందా, అవినాశి రోడ్డు వంతెన కిందా నీళ్ళు నిలిచిపోతాయి. బస్సులే ఇరుక్కున్నాయి, మీ స్కూటరెంత?

పారే నీళ్ళు అరడుగున్నా కాలు తప్పిస్తాయి, రెండడుగులైతే కారును ఎత్తుకుపోతాయి. అడుగున గుంతుందో, మూత లేచిన మ్యాన్‌హోల్ ఉందో పైకి తెలియదు. నీళ్ళలో తెగిన కరెంటు తీగుంటే ఇంకా మోసం. ఉరుము వినిపిస్తే చెట్టుకింద నిలబడొద్దు, గట్టి కప్పున్న ఇంట్లోకి పోవాల. ఎవరైనా చిక్కుకుంటే మీరు దూకొద్దు, తాడు విసరండి, 1077కు ఫోన్ చెయ్యండి.

ఆ మాటకొస్తే, మీ అత్త ఇంకా ఆఫీసునుంచి రాలేదే. ఫోన్ చేసి చెప్పండి, వంతెన కింది దారి వద్దు, చుట్టుతిరిగైనా మిట్టదారిన రమ్మనండి. వాన ఎక్కువైతే అక్కడే ఉండిపొమ్మనండి, అన్నం రేపు తినొచ్చు.