జగ్గర్‌నాట్: రథం దిగిన దేవుడి పేరు

జీఆర్‌ఈ పరీక్షకి చదివే రాజమండ్రి కుర్రాడు 'జగ్గర్‌నాట్' అనే ఇంగ్లిషు మాట పక్కన "అడ్డొచ్చినదాన్నల్లా తొక్కుకుంటూ పోయే మహాశక్తి" అని రాసుకుని బట్టీ వేస్తాడు. 2011 ఆగస్టులో వ్యతిరేకపదాల ప్రశ్నలు ఎత్తేసినా, ఖాళీలు పూరించాలంటే ఇలాంటి మాటలు రావాల్సిందే. అదే పరీక్ష రాసే చైనా కుర్రాడికైతే అది ఉత్త శబ్దం. మనకు సాక్షాత్తూ పూరీ జగన్నాథుడు!

14వ శతాబ్దంలో మన దేశానికొచ్చిన ఓడొరిక్ అనే ఇటలీ సన్యాసి, ఇక్కడి భక్తులు రథచక్రాల కింద పడి ప్రాణాలు వదులుతారని రాసుకున్నాడు. తర్వాతివాళ్ళు ఆ కథను పూరీకి అంటగట్టారు. 19వ శతాబ్దానికల్లా దేవుడి పేరు కాస్తా ఇంగ్లిషులో కనికరం లేని బలానికి పేరైపోయింది. బ్రిటన్‌లో భారీ లారీనీ అలాగే అంటారు.

అంతర్వేదిలో భీష్మ ఏకాదశినాడు లక్ష్మీనరసింహస్వామి రథం చూసినవాళ్ళకు ఈ అర్థం ఒక పట్టాన మింగుడుపడదు. జనం మోకులు పట్టి లాగితేనే ఆ రథం కదిలేది. చక్రం కింద చెక్క వేస్తే ఆగిపోతుంది. పరీక్షలో మాత్రం ఓడొరిక్ అర్థానికే మార్కులు.